వేగం – వివేకం

తెలుగు ఉపన్యాసకులు మోటారు బండ్ల పందాలను గూర్చి వ్యాసం వ్రాయడమేమిటని చదువరులలో కొందరు ఆశ్చర్యపడవచ్చు. వార్షిక సంచికకు మా వంతుగా ఏ ప్రబంధ కవిని గూర్చియో, ఏ శతక కర్తను గూర్చియో నాలుగు పుటలు సమర్పించుకోవడం ఆనవాయితీ. ఈసారి ఆ ఆనవాయితీని తప్పుతున్నాము. అందుకు కారణం మా తరగతి గదిలోనే ఉన్నది.

మా తరగతిలో రెండవ వరుసలో, కిటికీ ప్రక్కన కూర్చునే విద్యార్థి ఒకడు గత సంవత్సరం ఒక రాత్రివేళ ఊరి వెలుపలి రహదారి మీద మిత్రులతో పందెం కాసి మోటారు సైకిలు తోలి, మూడు మాసాలు ఆసుపత్రి మంచం మీద గడిపాడు. ప్రాణం దక్కింది గాని కుడికాలు మునుపటి స్థితికి రాలేదు. మేము చూడబోయిన నాడు అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "సార్, వాడు మీ మాట వినేవాడు గదా. మీరైనా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది" అన్నది. ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయింది. చెప్పి ఉంటే మాత్రం ఏమని చెప్పేవారము? "నెమ్మదిగా పో నాయనా" అని. అది ప్రతి ఇంట్లో ప్రతి పూటా చెప్పేదే, ఎవరూ విననిదే.

ఆ పిల్లవాడు ఆ మంచం మీదనే పడుకొని చేతి ఫోనులో ఏదో తదేకంగా చూస్తున్నాడు. ఏమిటని అడిగాము. అమెరికాలో ఒక చిన్న నల్లని ట్రక్కు, ఇటలీ దేశపు ఖరీదైన కారు పక్కపక్కన నిలబడి పరుగు తీస్తున్న దృశ్యం. "సార్, ఇది సామాన్లు మోసే బండి సార్! అయినా ముందు వచ్చింది" అన్నాడు. కాలికి కట్టు ఉన్నా కళ్ళల్లో కాంతి తగ్గలేదు. అతని మనస్సును అంతగా ఆకట్టుకొన్న వస్తువును తెలుసుకోకుండా అతనికి హితబోధ చేయబూనడం న్యాయం కాదని ఆనాడే నిశ్చయించుకొన్నాము. తరువాత మేము చదివినదీ, తెలిసినవారిని అడిగి గ్రహించినదీ ఇక్కడ విన్నవించి, ఆపైన మా అభిప్రాయం చెబుతాము.

ఆ ట్రక్కు పేరు సైక్లోన్. జీఎంసీ సంస్థ 1991వ సంవత్సరపు నమూనాగా దాన్ని మూడు వేల లోపు సంఖ్యలో మాత్రమే వెలువరించింది. చూపుకు వెనుక తొట్టి ఉన్న మామూలు పికప్పు బండి. లోపల 4.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, దానికి టర్బోచార్జరు, నాలుగు చక్రాలకూ శక్తిని అందించే ఏర్పాటు. శక్తి 280 అశ్వబలాలు. సామాన్ల బండి అయి ఉండి కూడా 500 పౌండ్లకు మించి, అంటే మన లెక్కలో నాలుగు బస్తాల పైన కొంచెం, బరువు వేయవద్దని తయారీదార్లే హెచ్చరించారు. 1991 సెప్టెంబరులో 'కార్ అండ్ డ్రైవర్' అనే అమెరికా మాసపత్రిక దీన్ని ఫెరారీ 348 కారుతో పోటీకి నిలిపింది. ఫెరారీ ధర ట్రక్కు ధరకు నాలుగైదు రెట్లు. పావు మైలు దూరాన్ని ట్రక్కు 14.1 సెకండ్లలోను, ఫెరారీ 14.5 సెకండ్లలోను ముగించాయి.

ఇందులో విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటున్నది. గీత దాటే క్షణంలో ట్రక్కు వేగం గంటకు 93 మైళ్ళు, ఫెరారీ వేగం 99 మైళ్ళు. అనగా ఎక్కువ వేగంతో గీత దాటిన బండి ఓడిపోయింది! నాలుగు చక్రాలతో నేలను పట్టుకొని మొదటి క్షణాలలోనే ముందుకు దూకిన బండికి తరువాతి లోటు నష్టం కలిగించలేదు. చివరి మాసంలో రాత్రింబవళ్ళు చదివే విద్యార్థికీ, జూన్ నుంచి కొద్దికొద్దిగా చదివే విద్యార్థికీ మధ్య భేదం వంటిదే ఇది. ఉపమానం ఉపన్యాసకుని వృత్తిదోషం, మన్నించగలరు.

ఈ పావు మైలు పందేన్ని డ్రాగ్ రేసింగ్ అంటారు. దూరం 1,320 అడుగులు, మన కొలతలో 402 మీటర్లు. మలుపులు లేవు. ఇద్దరే పోటీదార్లు. దీని పుట్టుక మనకు మిక్కిలి ఉపయోగపడే కథ. 1930ల నాటినుంచి దక్షిణ కాలిఫోర్నియాలో కుర్రవాళ్ళు పాత కార్లను విప్పి, బరువు తగ్గించి, ఇంజన్లకు మెరుగులు దిద్ది, ఎండిపోయిన సరస్సుల మీద పరుగెత్తించేవారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ ఉత్సాహం ఊరి వీధులకు ప్రాకింది. ప్రమాదాలు పెరిగాయి, పత్రికలు దుమ్మెత్తిపోశాయి, పోలీసులు వెంటబడ్డారు. సరిగ్గా ఈనాడు మన నగరాలలో ఉన్న పరిస్థితే.

అప్పుడు ఏమి జరిగింది? 1950లో శాంటా ఆనా అనే ఊరి విమానాశ్రయంలో ఒక దారిని పందేలకై తెరిచారు. 1951లో 'హాట్ రాడ్' పత్రికా సంపాదకుడు వాలీ పార్క్స్ ప్రభృతులు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించారు. వీధిలోని పందేన్ని నియమబద్ధమైన మైదానంలోకి తీసుకొని రావడమే ఆ సంఘాశయం. ఆ సంఘం తొలి అధికారిక పోటీ 1953లో పొమోనా పట్టణంలో జరిగింది. అక్కడి పోలీసులే అందుకు చేయూతనిచ్చారు. తరుముకొనివచ్చే పోలీసు, పారిపోయే కుర్రవాడు ఒకే మైదానంలో గడియారం పట్టుకొని నిలబడ్డారన్నమాట. ఈ దృశ్యాన్ని మా కార్యవర్గ పెద్దలు ఒక్క క్షణం మనస్సులో నిలుపుకోవాలని ప్రార్థన.

మైదానంలోకి వచ్చిన పందేనికి నియమాలు వచ్చాయి. 1963 నుంచి దీపస్తంభం వచ్చింది. పసుపు దీపాలు, ఆ తరువాత పచ్చదీపం. పచ్చదీపానికి ముందే కదిలితే ఎర్రదీపం వెలుగుతుంది, ఓటమి ఖాయం. 13.99 సెకండ్లలో గాని అంతకు తక్కువలో గాని పరుగు ముగించేవారికి శిరస్త్రాణం తప్పనిసరి. వేగం పెరిగినకొద్దీ బండి లోపల ఉక్కు కమ్ముల రక్షణ, ప్రత్యేకమైన నడికట్లు, అగ్నిని తట్టుకొనే దుస్తులు వరుసగా వచ్చి చేరుతాయి. పరుగుకు ముందు పరీక్షకులు బండిని తనిఖీ చేస్తారు. చమురు కారుతున్నదంటే వెనక్కు పంపివేస్తారు. 2008లో స్కాట్ కలిట్టా అనే ప్రసిద్ధ పందెగాడు న్యూజెర్సీలో మరణించినప్పుడు ఆ సంఘం అత్యంత వేగవంతమైన తరగతుల పందేపు దూరాన్ని 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు తగ్గించింది. ఒక ప్రాణం పోతే అర్ధ శతాబ్దం పైబడిన సంప్రదాయాన్ని మార్చుకొన్నారు.

ఇక యంత్ర విషయానికి వద్దాము. ఇంజను నుంచి వెలువడే పొగలో ఎంతో శక్తి వృథాగా పోతుంది. ఆ పొగతో ఒక చక్రాన్ని త్రిప్పించి, అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రంతో గాలిని ఒత్తిడి చేసి తిరిగి ఇంజనుకే అందించవచ్చునని స్విట్జర్లాండ్ దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు పొందాడు. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజనీరు పద్నాలుగు వేల అడుగుల పైబడిన పైక్స్ పీక్ శిఖరం మీదికి ఒక విమానపు ఇంజనును మోయించి, అక్కడి పలుచని గాలిలో కూడా అది శక్తి కోల్పోకుండా నడవగలదని నిరూపించాడు. పారవేయబోయే పొగతోనే పని చేయించుకొనే ఈ యుక్తి మనిషి మేధస్సుకు మచ్చుతునక అనడంలో అతిశయోక్తి లేదు.

అయితే గాలిని ఎక్కువగా నింపితే చాలదు. గాలికి తగిన ఇంధనం కావాలి. పెట్రోలు పూర్తిగా కాలడానికి తూకంలో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి అవసరం. టర్బో ఒత్తిడి మీద పరుగెత్తేటప్పుడు మాత్రం గాలిని పన్నెండు పాళ్ళ ప్రాంతానికి తగ్గించి, ఇంధనాన్ని కొంత అధికంగా ఇస్తారు. ఆ అదనపు ఇంధనం లోపలి వేడిని చల్లారుస్తుంది. లోభించి ఇంధనం తక్కువ ఇచ్చినా, నిప్పురవ్వను మరీ ముందుగా వెలిగించినా, లోపలి మిశ్రమం తనంత తానే భగ్గుమని పేలుతుంది. దాన్ని నాకింగ్ అంటారు. మెకానిక్ షెడ్డులో చెవి ఒగ్గి వింటే డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు వినబడే చప్పుడు అదే. కొన్ని క్షణాలు అలా సాగితే పిస్టను పగిలిపోతుంది.

గాలిని అదిమితే వేడెక్కుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలుసు. వేడిగాలి వ్యాకోచిస్తుంది. అదిమిన ప్రయోజనం అంతమేరకు తరిగిపోతుంది. అందుకే టర్బోకూ ఇంజనుకూ మధ్య ఇంటర్‌కూలరు అనే చల్లార్చు పరికరాన్ని అమర్చుతారు. సైక్లోన్ ట్రక్కులో ఇది నీటితో పనిచేస్తుంది. ఇటువంటి ఏర్పాటున్న బండ్లవారు పందేపు రోజున ఆ నీటిలో మంచుగడ్డలు వేస్తారు! అంతేకాదు, పొగ ఒత్తిడి తగినంత కూడేవరకు టర్బో చక్రం పూర్తి వేగం అందుకోలేదు. కాబట్టి పరుగుకు ముందు బ్రేకును అదిమిపట్టి ఇంజను వేగం పెంచి, ఒత్తిడి కూడిన తరువాతనే పచ్చదీపానికి బ్రేకు వదులుతారు.

ఇవన్నీ సరిచూచుకోవడాన్ని ట్యూనింగ్ అంటారు. వీణకు శ్రుతి చేయడం వంటిదే. మా మనస్సును బాగా ఆకర్షించినది ఈ పనివారి పద్ధతి. మంచి ట్యూనర్ ఒక్క పర్యాయంలో ఒక్క మార్పే చేస్తాడు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు గనుక. ప్రతి పరుగు తరువాత మైదానం వారు ఇచ్చే చీటీలో మొదటి 60 అడుగులకు పట్టిన కాలం, సగం దూరానికి పట్టిన కాలం, మొత్తం కాలం, తుది వేగం అచ్చై ఉంటాయి. ఆ చీటీని, ఆనాటి ఎండను, గాలిలోని తేమను, టైర్ల గాలిని పుస్తకంలో వ్రాసి ఉంచుతాడు. స్పార్క్ ప్లగ్గు విప్పి దాని రంగును బట్టి లోపలి మంటను ఊహిస్తాడు. పదోవంతు సెకండు తగ్గించడానికి నెల రోజులు శ్రమిస్తాడు. ఇంతటి ఓర్పు మా ఎం.ఏ. విద్యార్థుల పరిశోధన పత్రాలలో కనిపిస్తే మేము ధన్యులము.

మరొక్క విశేషం చెప్పి ముగింపుకు వస్తాము. ఈ పందేలలో బ్రాకెట్ రేసింగ్ అనే పద్ధతి ఒకటున్నది. పోటీదారు తన బండి ఎన్ని సెకండ్లలో పరుగు ముగించగలదో తానే అద్దం మీద వ్రాసి ప్రకటించాలి. ఒకరు 16 సెకండ్లని, మరొకరు 14 సెకండ్లని ప్రకటిస్తే, నెమ్మదైన బండికి రెండు సెకండ్ల ముందు పచ్చదీపం వెలుగుతుంది. పాత బండి, కొత్త బండి సమాన ఫాయాలో నిలుస్తాయి. ఇక తాను ప్రకటించిన కాలం కంటే వేగంగా పోయినవాడు సాధారణంగా ఓడిపోతాడు. తన శక్తిని తాను తక్కువ చేసి చెప్పుకొన్నాడు గనుక అది దోషం. ఇక్కడ గెలుపు ధనవంతునిది కాదు, తన్ను తాను ఎరిగినవానిది.

ఇది చదివినప్పుడు మాకు మరొక పందెం జ్ఞాపకం వచ్చింది. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మదీనాలో గుర్రపు పందేలు నిర్వహించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉన్నది. ప్రత్యేకంగా మేపి, బరువు తగ్గించి, పందేనికి సిద్ధపరచిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు అయిదారు మైళ్ళ దూరం. అట్టి శిక్షణ లేని గుర్రాలకు అక్కడినుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు ఒక్క మైలు. శక్తిని బట్టి తరగతి, శిక్షణను బట్టి దూరం, ముందుగా నిర్ణయించిన ఆరంభం, ముందుగా నిర్ణయించిన గమ్యం. పదునాలుగు శతాబ్దాల క్రిందటి ఆ ఏర్పాటులో యువకుల ఉత్సాహానికి గౌరవమూ ఉన్నది, హద్దూ ఉన్నది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ ఆ పందెంలో స్వయంగా పాల్గొన్నారు. పరుగును కోరుకోవడమే పాపమని మన పెద్దలు ఎవరైనా అంటే ఈ విషయాన్ని వారి దృష్టికి తీసుకొని రావలసి ఉంటుంది. అయితే దానిమీద డబ్బు ఒడ్డి జూదమాడడం మాత్రం ముమ్మాటికీ నిషిద్ధం.

ఇప్పుడు మా అభిప్రాయం. మన విద్యార్థులు ఆ దేశపు పందేలనుంచి అరువు తెచ్చుకొన్నది చప్పుడు మాత్రమే. సైలెన్సరు విప్పివేయడం వారికి ట్యూనింగ్. అర్ధరాత్రి రహదారి వారికి మైదానం. శిరస్త్రాణం వారికి పిరికితనం. పుస్తకం లేదు, చీటీ లేదు, తనిఖీ లేదు, ఎర్రదీపం లేదు. సైలెన్సరు విప్పితే శబ్దం పెరుగుతుంది గాని శక్తి పెరగాలన్న నియమమేమీ లేదని షెడ్డులో పనిచేసే అనుభవజ్ఞుడెవరైనా చెబుతాడు. ఎదురుగా వచ్చే బండివాడు ఈ పందెంలో పేరు నమోదు చేసుకొన్నవాడు కాడు. రోడ్డు దాటే కూలి తల్లి కూడా కాదు. వారి ప్రాణాలను పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకొనడం మంచిది. 1988వ సంవత్సరపు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను బహిరంగ స్థలాలలో పందేలను నేరంగా పరిగణిస్తుంది. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. అమెరికాలో సైతం అందరూ ధర్మాత్ములేమీ కారు. అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ఒక దశాబ్ద కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్పు బండ్ల నుంచి కాలుష్య నివారణ పరికరాలను తొలగించివేశారు. ఆ పొగ పీల్చేది ఇరుగుపొరుగు పిల్లలే. కనుక మేము చెప్పేది గ్రుడ్డి అనుకరణ కాదు. హంస క్షీరాన్ని గ్రహించినట్లు మంచిని గ్రహించమని మాత్రమే.

ఇక కార్యవర్గ సభ్యులకు ఒక విన్నపం. ఆ ప్రమాదం జరిగిన వారంలో అధ్యాపకుల సమావేశం జరిగింది. కళాశాల ఆవరణలోకి మోటారు సైకిళ్ళను రానివ్వరాదని తీర్మానించారు. ఆ తీర్మానానికి చేయి ఎత్తినవారిలో మేమూ ఉన్నాము. ఫలితమేమిటి? బండ్లన్నీ గేటుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటలు ముందుకు మారాయి. మునుపు మా కళ్ళ ముందు ఉన్నవి ఇప్పుడు మా కంటికి దూరమైనాయి. మరుసటి నెలలోనే మరో రాత్రి మరో పందెం జరిగిందని విద్యార్థులే చెప్పారు. చేయి ఎత్తడం సులభం; ఆ చేతితో ఒక పానా పట్టుకొని పిల్లవాని ప్రక్కన కూర్చోవడం కష్టం. సులభమైన పనినే మేము ఆనాడు చేశాము. అది పొరపాటని ఈనాడు ఒప్పుకొంటున్నాము.

మా సూచనలు నాలుగు. ఒకటి, సైకిల్ స్టాండు ప్రక్కన ఖాళీగా పడి ఉన్న గదిలో ఒక పాత ఇంజను, ఒక బల్ల, కొన్ని పనిముట్లు అమర్చి, భౌతికశాస్త్ర శాఖవారి పర్యవేక్షణలో, ఊరిలోని నిపుణుడైన మెకానిక్ సహాయంతో వారానికొక పూట విద్యార్థులకు యంత్ర పరిచయం కలిగించాలి. చేసిన ప్రతి పనీ పుస్తకంలో వ్రాయించాలి. రెండు, చెన్నై సమీపంలో ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి పందేపు బాట ఉన్నది. అక్కడ అధికారికమైన డ్రాగ్ పోటీలు జరుగుతాయి. విహారయాత్ర పేరుతో ఏటా చూచిన స్థలాలనే చూచే బదులు ఒక ఏడు అక్కడికి తీసుకొనిపోవాలి. తనిఖీ బల్ల వద్ద ఎందరి బండ్లు వెనక్కు పోతాయో మన కుర్రవాళ్ళు కళ్ళారా చూడాలి. మూడు, నిషేధాన్ని తొలగించి, లైసెన్సు, శిరస్త్రాణం ఉన్నవారిని మాత్రమే గేటులోకి అనుమతించాలి. నాలుగు, ఈ విషయమై ప్రభుత్వానికి ఇతర కళాశాలలతో కలిసి విజ్ఞప్తి చేయాలి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ తీరాన విద్యుత్ కార్ల అంతర్జాతీయ పందేనికి నడి నగరంలోని రోడ్లనే మూసి ఇవ్వగలిగినవారికి, సామాన్య విద్యార్థి తన బండిని భద్రంగా పరీక్షించుకొనేందుకు నెలకొకనాడు నాలుగు వందల మీటర్ల ఖాళీ దారిని చూపడం అసాధ్యమని మేము అనుకోము.

ఇందుకు వ్యయమవుతుందని కొందరు సభ్యులు అనవచ్చు. అవుతుంది. ఆ తల్లి మూడు మాసాలపాటు ఆసుపత్రిలో చెల్లించిన దానికంటే తక్కువే అవుతుంది.

విద్యార్థి మిత్రులారా! వేగాన్ని విడనాడమని మీకు చెప్పము. వేగాన్ని ప్రేమించేవాడు దాన్ని కొలుచుకొంటాడు, వ్రాసుకొంటాడు, దానికి తగిన స్థలానికి తీసుకొనిపోతాడు. పచ్చదీపం వెలిగేవరకు బ్రేకు మీద కాలు తీయడు. వివేకం లేని వేగం ఇంధనం చాలని ఇంజను వంటిది; క్షణకాలం ఉరకలు వేసి తన్ను తానే పగులగొట్టుకొంటుంది.

ఆ విద్యార్థి ఈ సంవత్సరం తిరిగి తరగతికి వస్తున్నాడు. రెండవ వరుసలోనే, కాలు చాపుకొనే వీలు కోసం ఈసారి నడవ ప్రక్కన కూర్చుంటున్నాడు. ఇంజను గది తెరిస్తే పుస్తకం వ్రాసే బాధ్యత తనకే ఇవ్వమని అడిగాడు. ఇస్తామని మాట ఇచ్చాము. ఆ మాట నిలబెట్టుకొనే అవకాశాన్ని కార్యవర్గ పెద్దలు మాకు కల్పిస్తారని ఆశిస్తున్నాము.